మెయిన్ బోర్డు పక్కన చిన్న పెట్టె

ఆ పేటలో కరెంటు ఇన్‌స్పెక్టరును అందరూ చాటుగా "కుదరదు గారు" అనేవారు. నోరు విప్పితే ముందు ఆ మాటే వచ్చేది మరి. వయసులో ఉన్నప్పుడు స్తంభాలెక్కే పనిచేసి, ఒకసారి చేతులు కాల్చుకుని, ఆ తరువాత తనిఖీల్లోకి వచ్చిన మనిషి. ఆయన స్కూటరు సందులోకి తిరిగిందంటే వైర్‌మన్‌లు బిగించిన స్క్రూలన్నీ మళ్ళీ ఒకసారి చూసుకునేవారు.

ఆ సందులోనే ఒకావిడ కుట్టుపని చేసుకుంటూ అత్తగారితో కాపురముండేది. భర్త లారీ డ్రైవరు, ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ. అత్తగారు నూలుమిల్లులో దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. కోడలంటే ప్రాణం, నోరు మాత్రం కత్తెర. ఆసుపత్రిలో చేర్చాక డాక్టరమ్మ, "ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ పెట్టుకుంటే తీసుకెళ్ళొచ్చు. కానీ ముందు ఆ పాత వైరింగు మార్పించండి" అంది.

కోడలు మెయిన్ బోర్డుతో సహా అంతా మార్పించింది. ఇక ఇన్‌స్పెక్టరు సరేనంటే కరెంటు ఇస్తారు, అత్త ఇంటికొస్తుంది. ఆయన వచ్చాడు. ఎర్తు తీగ పట్టి లాగి చూశాడు, ప్రతి స్క్రూ బిగించి చూశాడు, చివరికి తల అడ్డంగా ఊపాడు.

"సర్జ్ ప్రొటెక్టరు ఏదీ? ఇలా కుదరదు."

"పాత ఇల్లు కదండీ, ఆ రూలు కొత్త ఇళ్ళకేగా?" అని నసిగాడు వైర్‌మన్.

"పాత బోర్డు అలాగే ఉంచుంటే నేనడిగేవాణ్ణి కాదు. మీరు మార్చారు. పైగా మనుషులుండే ఇల్లు. మొన్నటిదాకా పెట్టుకుంటే మంచిదనేవాళ్ళం, ఇప్పుడు పెట్టి తీరాలి."

కోడలు మధ్యలో అడ్డుపడింది. "బ్రేకరు ఉందిగా సార్! మా అత్తయ్య అక్కడ ఇంటికెళ్దాం, ఇంటికెళ్దాం అని చంటిపిల్లలా ఏడుస్తోంది. మీకు అమ్మ లేదా?"

ఆయన కోపగించుకోలేదు. "బ్రేకరు పని వేరమ్మా. దగ్గర్లో పిడుగు పడితే తీగల వెంట ఒక్కసారిగా కరెంటు పోటు వస్తుంది. బ్రేకరు కళ్ళు తెరిచేలోపే అది వచ్చి పోతుంది. టీవీ పోతే పోయింది, ఇంకోటి కొనుక్కుంటారు. మీ ఇంట్లో ఉండబోయేది ఊపిరి పోసే మెషీను. నేనడిగే సర్జ్ ప్రొటెక్టరు చిన్న పెట్టె, ఆ పోటుని భూమిలోకి మళ్ళిస్తుంది. పిడుగు నేరుగా ఇంటి మీదే పడితే ఇదీ ఏం చేయలేదు, అబద్ధం చెప్పను."

అని ఊరుకోలేదు. కొట్టుకు తానే ఫోన్ చేసి, సరైన రకం చెప్పి తెప్పించాడు. మళ్ళీ తనిఖీ వంతు వచ్చేదాకా ఆగమనకుండా, డ్యూటీ దిగి ఇంటికెళ్ళే దారిలో వచ్చి, పెట్టె మీద పచ్చదీపం వెలగడం చూసి సంతకం చేశాడు. కోడలు మాత్రం థాంక్స్ కూడా చెప్పలేదు. మంచినీళ్ళిచ్చి ఊరుకుంది.

అత్త ఇంటికొచ్చింది. వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం ఆకాశం చిల్లు పడ్డట్టు కురుస్తుంటే సందు చివర ట్రాన్స్‌ఫార్మరు దగ్గర పిడుగు పడింది. కిటికీ అద్దాలు గజగజలాడాయి. పక్కింటి ఫ్రిజ్జు పొగలు కక్కింది, ఎదురింటి టీవీ ఠప్పుమంది. రోడ్డు మీద నడుములోతు నీళ్ళు, ఆసుపత్రికి పోయే దారే లేదు. కరెంటు పోతే వాడుకోవడానికి ఆక్సిజన్ సిలిండరుంది కానీ, అది ఎంతసేపు?

కోడలు కుట్టుమిషన్ వదిలేసి ఒక్క పరుగున గదిలోకి వెళ్ళింది. మెషీను గురగురమంటూనే ఉంది. ముక్కుకి ఉన్న గొట్టంతోనే అత్త, "ఏంటే ఆ పరుగు? పిడుగు నా కోసం రాలేదులే, దానికీ నా నోరంటే భయం" అంది.

కోడలు నవ్వబోయి ఏడ్చేసింది. వెళ్ళి చూస్తే బోర్డు పక్కన పెట్టె మీద పచ్చదీపం ఆరిపోయి ఉంది. దెబ్బంతా అదే తిన్నది.

వైర్‌మన్ వచ్చి కొత్తది బిగించాక, కోడలు ఆఫీసుకు వెళ్ళి ఇన్‌స్పెక్టరు ముందు నిలబడింది. "ఆ రోజు మిమ్మల్ని ఎన్ని మాటలన్నాను సార్..."

"నాదేముందమ్మా? ఎక్కడో ఎవరిళ్ళో కాలితే, ఎవరో కూర్చుని ఆలోచించి ఆ నియమం రాశారు. నేను చదివి చెప్పానంతే."

"వాళ్ళెవరో నాకు తెలీదు. ఇంటికి వచ్చింది మీరు. మా అత్తయ్య మిమ్మల్ని చూడాలంటోంది."

ఆయన ఆ ఆదివారం వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు. ముసలావిడ ఆయన చెయ్యి పట్టుకుని, "నిన్ను కన్న కడుపు చల్లగా ఉండాలి నాయనా" అంది. ఎప్పుడూ శాపనార్థాలే వినే మనిషి, ఏం చేయాలో తెలియక నేల చూపులు చూశాడు. ఆవిడ మాత్రం ఆయన్ని తేలిగ్గా వదల్లేదు. మిల్లు కబుర్లన్నీ చెప్పింది, మేస్త్రీలను ఎలా ఏడిపించిందో చెప్పి కడుపుబ్బ నవ్వించింది. ఆ మనిషికి పళ్ళుంటాయని కోడలు చూడడం అదే మొదలు.

అలా నవ్విస్తూనే ముసలావిడ ఆ ఇంట్లోనే, తన మంచం మీదే, ఇంకా రెండు వానాకాలాలు చూసింది.