అత్త అక్కిడి సాళ్ళు

గంజాయి సాగును అరికట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం చట్టాన్ని ఇంకా బిగించబోతోందని, దొంగచాటుగా సాగు చేసినవాడితో పాటు పొలం యజమాని కూడా జవాబు చెప్పాల్సి వస్తుందని నిన్న పేపర్లో చదివి, కన్నడనాట ఈ కాడుగోడిలో మా అపార్టుమెంటు బెంచీల మీద చేరే నా ఈడువాళ్ళంతా ఒకటే గోల. పొలం ఇంకొకరికి అప్పగించి ఇంట్లో కూర్చున్న ఆసామికి చేలో ఏం మొలుస్తోందో ఎలా తెలుస్తుందయ్యా అని వాళ్ళ వాదన. ఆ మాట నేను ఒప్పుకోలేను. తెలుసుకుని, తెలిసినందుకు జైలుకైనా సిద్ధపడిన మనిషి చేతి ముద్ద తిన్నవాణ్ణి మరి.

ఆవిడ మా మేనత్త. కె.ఆర్.పురం దగ్గర ఫ్యాక్టరీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నేను ఇదే కాడుగోడిలో, అప్పటికింకా పల్లెటూరే, ఆమె ఇంట్లో ఉండేవాణ్ణి. మామ పోయాక మిగిలిన రాగి చేనొక్కటే ఆమెకు ఆధారం. దాన్ని ఒకాయనకు కోరుకిచ్చింది, అంటే కష్టం ఆయనది, పంటలో సగం ఈమెది. ఆయన్ను తమ్ముడా అని పిలిచేది, పండక్కి ఆయన పిల్లలకూ బట్టలు పెట్టేది. మా వైపు రాగుల మధ్య అనపలు, కందులు, ఆముదాలు విడిగా సాళ్ళు పోస్తారు, వాటిని అక్కిడి సాళ్ళంటాం. రాగులు పంచుకోవలసిందే గాని అక్కిడి సాళ్ళు మాత్రం మా ఇళ్ళల్లో ఆడవాళ్ళ సొత్తు; కాయలు కోయడం, వండడం, ఇరుగుపొరుగుకు పంచడం అంతా వాళ్ళ ఇష్టం, మగవాడు వేలు పెట్టకూడదు.

ఆ యేడు అనపకాయల కాలం వచ్చినా ఆయన అత్తను చేనికి రానివ్వలేదు. పాములు తిరుగుతున్నాయని ఒకసారి, బురదగా ఉందని ఇంకోసారి. కాయలు మాత్రం తానే సంచీలో తెచ్చి ఇచ్చేవాడు. అత్త ఒక కాయ ఒలిచి వేళ్ళు వాసన చూసుకుంది. అప్పుడే కోసిన అనపకాయ జిడ్డుకు ఒక కమ్మటి వాసన ఉంటుంది, సొగడు అంటాం దాన్ని, మా తరం వాళ్ళకు చెప్పక్కర్లేదు. అది ఈ కాయలకు లేదు. సంతలో కొన్న కాయలు! తన సాళ్ళ కాయలు అమ్ముకు తింటూ తనకివి అంటగడుతున్నాడని అత్తకు ఒళ్ళు మండిపోయింది. పిడికెడు అనపకాయల కోసం పోట్లాడడానికి కొంగు బిగించి బయల్దేరింది, ఆదివారం గనక నేనూ వెంట నడిచాను.

తీరా చూస్తే ఆముదాల చాటున, అనపలు ఉండాల్సిన సాళ్ళన్నిటా భుజాలెత్తు గంజాయి. అత్త అక్కడే గట్టు మీద కూలబడింది. ఆయన పరుగున వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. ఎవరో వ్యాపారి ఆశ పెట్టాడట. "ఈ ఒక్క పంటే అక్కా, మళ్ళా దీని మొగం చూడను" అని ఏడ్చాడు. కబురందుకుని మా నాన్న సాయంత్రానికి వచ్చి, పొలం నీ పేరనుంది, పోలీసులు ముందు నిన్నే పట్టుకుంటారు, గుట్టుగా పీకి తగలబెట్టించు అన్నాడు. నాకూ అదే సబబనిపించింది.

"సాళ్ళు నావన్నా. నా సాళ్ళల్లో ఏముండాదో నేను చెప్పకుంటే ఇంకెవరు చెప్తారు? ఈడ పీకితే ఆ యాపారి ఇంకొకరి చేన్లో పెట్టిస్తాడు" అంది అత్త.

మర్నాడు పొద్దున్నే ఆయన్ను వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్ళింది. నేను ఫ్యాక్టరీకి సెలవు పెట్టి తోడు వెళ్ళాను. చేను నాది, సాళ్ళు నావి, ఇతను నా తమ్ముడు, తప్పు చేశాడు, చేయించినవాడెవడో ఇతనే చెప్తాడు అని కన్నడంలో తొణక్కుండా చెప్పింది. అక్కడికక్కడే ఆమెకు దండం పెట్టాలనిపించింది. ఆ తర్వాత ఎన్నోసార్లు పిలిపించారు, అడిగిందే అడిగారు, ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. చివరికి ఆమె తప్పేమీ లేదని వదిలేశారు. వ్యాపారి దొరికాడు, వాడితో పాటు చేను చేసిన ఆయనకూ జైలు తప్పలేదు.

ఆయన లేనన్నాళ్ళూ ఆయన భార్య చేతే చేను చేయించి, సగం పంట ఆమె ఇంటికే పంపింది అత్త. తిరిగొచ్చిన రోజు ఆయన తలెత్తలేక వాకిట్లోనే నిలబడిపోతే, విత్తనాల చేట చేతికిచ్చి, "పొద్దెక్కతా ఉండాది, చేనికి పో తమ్ముడా" అంది. అక్కిడి సాళ్ళు మాత్రం తానే దగ్గరుండి వేయించింది. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం వాటి వెంట నడవని వారం లేదు.

చట్టం రావాల్సిందే, కాదనను. ఆ చేను నిండా ఇప్పుడు భవనాలు లేచాయి, అలాంటి భవనంలోనే నేనూ ఉంటున్నాను. పక్కింటి బాల్కనీ కుండీలో ఏం పెరుగుతోందో నాకు తెలియదు, ఆ ఇంట్లో ఎవరుంటున్నారో అంతకన్నా తెలియదు. ఇది నాది, ఇందులో ఏమున్నా జవాబు నేనే చెప్తాను అని నిలబడడానికి నాకొక్క సాలైనా లేదు. ఉన్నా, తప్పు చేసినవాణ్ణి తమ్ముడని చెప్పుకుంటూ స్టేషను మెట్లెక్కే గుండె నాకుండేదా అంటే, లేదనే అనుకుంటాను.