లక్సెంబర్గ్‌లో గెలిచిన విసి

విసితసియోన్‌ని స్పెయిన్‌లోని వాల్దెరుయెదా ఊరంతా విసి అనే పిలుస్తారు. ఆ ఊరి ప్రభుత్వాసుపత్రిలో రక్తం తీసే గదిలో చేరేనాటికి ఆమెకు ముప్పై నిండలేదు. ప్రసూతి సెలవు మీద వెళ్లినామె స్థానంలో నాలుగు నెలలు చేయమన్నారు. అవి అయిపోయాక ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, తర్వాత మరొకటి. అప్పుడు పుట్టిన పిల్ల కాలేజీకి వెళ్లే వయసుకొచ్చింది. విసి ఇంకా తాత్కాలికమే.

యూనియన్ లాయరు లెయిరేతో మాట్లాడిన రోజే ఆమెకు ఒళ్లు మండింది. ఎప్పుడూ అవసరమయ్యే పనికి మనిషిని ఇలా ఏళ్ల తరబడి తాత్కాలికంగా తిప్పకూడదని యూరప్ చట్టం ఎప్పుడో చెప్పిందట. స్పెయిన్ ఆ చట్టానికి ఒప్పుకుందట కూడా. "మరి నా సంగతేంటి?" అంటే లెయిరే చెప్పిన జవాబులో సగం విసికి అర్థం కాలేదు. ఆ సగం కోసమే దూరవిద్యలో లా కోర్సుకి చేరింది.

యూరప్ చట్టం పాఠ్యపుస్తకం రెండో అధ్యాయంలోనే ఆమెకు కావలసిన మాట దొరికింది. దేశం చట్టమూ యూరప్ చట్టమూ ఢీకొంటే యూరప్‌దే పైచేయి. ఆ వాక్యాన్ని ఆదివారం వంటింట్లో మొగుడు ఫెర్మిన్‌కి రెండుసార్లు చదివి వినిపించింది. అతను సిటీ బస్సు డ్రైవరు, ఆ పూట కాడ్ చేప ముళ్లు తీస్తున్నాడు.

"అయితే నీ ఉద్యోగం ఖాయమైనట్టేనా?"

"చట్టం ప్రకారం ఖాయమే."

"ఆ సంగతి మీ ఆసుపత్రి వాళ్లకి ఎవరు చెప్తారు? యూరప్ కోర్టున్న లక్సెంబర్గ్ నుంచి పోలీసులొస్తారా?"

"ఇక్కడి జడ్జి చెప్పాలి."

"ఓహో. అంటే మళ్లీ మనూరి కోర్టుకే!" అని నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె అతనితో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

కేసు వేశారు. జడ్జి పెద్దాయన, నిదానస్తుడు. కేసు ఆపి, యూరప్ చట్టం అర్థమేమిటో చెప్పమని లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానానికి ప్రశ్నలు పంపాడు. విసి సంబరపడింది. ఏడాదిన్నర గడిచాక అక్కడ విచారణ పెట్టారు. సెలవు పెట్టి, లెయిరేతో కలిసి వెళ్లి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వెనక బెంచీలో కూర్చుంది. ఎవరెవరో ఏయే భాషల్లోనో ఆమె గురించి మాట్లాడారు, ఆమెని మాత్రం ఒక్కరూ ఏమీ అడగలేదు. పైగా అక్కడ కేసుల్లో మనుషుల పేర్లు దాచేస్తారట. ఆమె కేసుకి కంప్యూటర్ ఏదో అర్థంపర్థం లేని పేరు తగిలించింది. "కనీసం నా పేరైనా ఉంచాల్సింది," అంది విసి తిరుగు ప్రయాణంలో.

తీర్పు వచ్చిన పొద్దున లెయిరే ఫోన్‌లో అరిచింది.

"విసి గారూ, గెలిచాం!"

"అయితే సోమవారం నుంచి నేను పర్మనెంటేనా?"

"అంటే... మీకు జరిగింది తప్పేనని తేల్చారు. దానికి మందేమిటో మన కోర్టుని చూసుకోమన్నారు."

"మనం వాళ్లని అడిగిందే ఆ మందు సంగతి కదే తల్లీ!"

ఇక్కడి జడ్జి తీర్పు చదువుతూ తల ఎత్తలేదు. ప్రభుత్వోద్యోగం పోటీ పరీక్ష పెట్టి ఇవ్వాలే గాని కోర్టు పంచిపెట్టకూడదని రాజ్యాంగం అంటోంది కాబట్టి పర్మనెంటు చేయలేనన్నాడు. పనిలోంచి తీసేసిన రోజున నష్టపరిహారం ఇవ్వాలన్నాడు. పై కోర్టూ అదే ఖాయం చేసింది.

"అంటే నన్ను గెంటేస్తేగాని నాకు అన్యాయం జరిగినట్టు కాదా?" అని విసి కోర్టు మెట్ల మీదే నిలదీసింది.

"జరిగినట్టే. కానీ పరిహారం రావాలంటే ముందు గెంటెయ్యాలి," అంది లెయిరే.

ఆ వేసవిలోనే కోర్సులో మౌఖిక పరీక్ష. ఆచార్యుడు అడిగిన కేసు పేరు వినగానే విసికి చెవులు వేడెక్కాయి. కంప్యూటర్ పెట్టిన ఆ పేరే.

"అది నేనేనండీ," అంది.

ఆయన కళ్లజోడు తీసి చూశాడు. "మీరేనా! అభినందనలు!"

"దేనికండీ? నా బల్ల మీద ఇప్పటికీ తాత్కాలికం కాగితమే ఉంది."

ఆయన ఇబ్బందిగా దగ్గాడు. "నిజమే, పాపం. అయినా మీరిప్పుడు నాకు సిద్ధాంతం చెప్పాలి."

చెప్పింది. పైచేయి ఎవరిదో, ఎందుకో, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పింది. మంచి మార్కులే వచ్చాయి. బయటికొచ్చి బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చింది.

తర్వాత ఆమె పోస్టుకి పోటీ పరీక్ష పెట్టారు. యాభై దాటాక, పిల్లల మధ్య కూర్చుని రాసింది. పోస్టు నెరేయాకి వచ్చింది. ఆ పిల్లకి నరం దొరకబుచ్చుకోవడం నేర్పింది విసియే. నెరేయా పరుగున వచ్చి కావిలించుకుని, "నన్ను తిట్టు విసీ, నాలుగు తిట్టు," అని వెక్కిళ్లు పెట్టింది. విసికి తిట్టబుద్ధి కాలేదు. తిట్టాల్సిన వాళ్లు ఏ గదిలో కూర్చుంటారో ఇన్నేళ్లలో ఆమెకి తెలియనే లేదు.

పోనీ, ఇప్పుడు తీసేస్తారు, పరిహారమన్నా వస్తుందనుకుంది. తీసెయ్యలేదు. ఒక్క రోజు ఖాళీ పడకుండా, నది అవతలి క్లినిక్‌లో ఇంకో తాత్కాలిక ఒప్పందం ముందు పెట్టారు. లెయిరే ఫోన్‌లో మండిపడింది.

"సంతకం పెట్టకండి! పెడితే మిమ్మల్ని తీసేసినట్టు కాదంటారు. ఇచ్చేది ఎగ్గొడతారు!"

"పెట్టకపోతే?"

"మళ్లీ కేసు వేద్దాం. మళ్లీ లక్సెంబర్గ్‌ని అడిగిద్దాం."

విసి ఫెర్మిన్ వంక చూసింది. మోకాళ్లు అరిగి అతనప్పటికే బస్సు నడపడం మానేసి ఇంట్లో ఉంటున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కెం ఆడేవాడు, ఆ రోజు మాత్రం, "నీ ఇష్టం విసీ, నేనేమీ అనను," అని తల తిప్పుకున్నాడు. అదే ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది. కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి సంతకం పెట్టింది.

మర్నాడు బేకరీలో రొట్టె కోసం వరసలో నిలబడితే కౌంటరు వెనక నుంచి ఎంకార్నా కేకేసింది. "ఏమమ్మోయ్, యూరప్‌లో కేసు గెలిచావట! చెప్పనేలేదే! ఇంకేం, దర్జాగా ఉన్నావన్నమాట!"

వరసలో వాళ్లంతా తిరిగి చూశారు. మొదటి నుంచీ చెప్పుకురావాలని విసి నోరు తెరిచింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఆఁ, గెలిచాను," అంది. "ఒక రొట్టె ఇవ్వు. మరీ మాడింది వద్దు."