రెబ్కా కలిపిన ఉగ్గు

మా వీధిలో రెబ్కా గురించి ఎవరినడిగినా ముందు ఆమె నోటి గురించే చెబుతారు. మిరపకోతల్లో ఈ చివర సాలులో నిలబడి ఆమె మాట్లాడితే ఆ చివర గట్టు మీద మేస్త్రి ఉలిక్కిపడేవాడు. కాయ తక్కువ తూగిందని వాడంటే, కాటా విప్పించి మళ్ళీ కట్టించేదాకా కదిలేది కాదు. దర్శికి దగ్గర్లోని మా ఊళ్ళో ఆమె ఇల్లు, నా ఇల్లు ఒకే గోడకి అటూ ఇటూ. నేను వరండాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టుకుంటాను. ఆమె ఇంట్లో ఏం జరిగినా నాకు వినపడుతుంది. వినపడకపోతే వెళ్ళి అడుగుతాను. మాబూబీకి ఊళ్ళో సంగతులన్నీ కావాలని నా వెనక అనుకుంటారు. అనుకోనీ.

రెబ్కా మొగుడు మరియదాసు మిరప బస్తాల లారీ మీద గుంటూరు యార్డుకి పోతుంటే లారీ తిరగబడి చనిపోయాడు. అప్పటికి కూతురు ఆరాధనకి బడి ఈడు కూడా రాలేదు. రెబ్కా పత్తి తీసి, మిరప కోసి, ఆ పిల్లని డిగ్రీ దాకా చదివించింది. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ప్రభుకిచ్చి మా ఊరి చర్చిలో పెళ్ళి చేసింది. పెళ్ళి జాకెట్టు నేనే కుట్టాను. ఆరాధన సన్నటి పిల్ల, ఎంత బిగించి కుట్టినా భుజం దగ్గర జారేది.

తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చిన ఆరాధన ఒంగోలులో మగబిడ్డను కని, మర్నాడు ఫిట్స్ వచ్చి కన్నుమూసింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ఎవర్ని తిట్టాలో తెలియక రెబ్కా ఎవర్నీ తిట్టలేదు, అది చూసే నాకు భయమేసింది. కూతుర్ని దాచేపల్లిలో సమాధి చేసి వచ్చింది. బిడ్డను మాత్రం ఒడిలోంచి దింపలేదు. ప్రభు తల్లి జయకుమారి, "ఐదో నెల దాకా నీ దగ్గరే ఉంచుకో వదినా, ఆ తర్వాత మేం తీసకపోతాం" అంది. తల్లి బతికుంటే తల్లీబిడ్డలు ఐదో నెలలో అత్తారింటికి పోవడం మా వైపు ఆనవాయితీ. తల్లి లేకపోయినా ఆ నెల లెక్క మాత్రం ఉండిపోయింది.

బిడ్డకి పేరు పెట్టడం తండ్రి ఊళ్ళోనే అనుకున్నారు గనక అప్పటిదాకా వాడు మాకు బుడ్డోడు. బుడ్డోడు వచ్చాక రెబ్కా కోతలకి పోవడం మానేసింది. ఊరంతా మిరపకాయలు ఎర్రగా ఆరబోసుకున్న రోజుల్లో, చేతినిండా పనున్న రోజుల్లో, ఆమె తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చుంది. ఘాటు లోపలికి వస్తే బిడ్డ తుమ్ముతాడట. నోరున్న మనిషి గుసగుసగా మాట్లాడటం నేర్చుకుంది. నేను మిషను తొక్కుతుంటే గోడ మీద తట్టి, "అక్కా, ఇప్పుడే నిద్రపోయాడు" అనేది. నాకు విసుగు వచ్చేది, మిషను ఆపేసేదాన్ని.

డబ్బాపాలు ఎలా కలపాలో ఊరి నర్సమ్మ నేర్పింది. ఆరు నెలలు నిండేదాకా పాలు తప్ప నోట్లో ఏమీ పెట్టొద్దని గట్టిగా చెప్పి వెళ్ళింది. మా వైపు మూడో నెల రాగానే పెద్దవాళ్ళ చేతులు ఊరుకోవు. వీధి చివర అమీర్‌బీ ముసలమ్మ రోజూ వచ్చి, "ఒట్టి పాలకి వాడు నిద్రేం పోతాడే, పాలసీసాలో ఇంత ఉగ్గుపిండి కలిపి పట్టు, తెల్లారేదాకా కదిలితే నన్నడుగు" అని పోరేది. రెబ్కా ఆమెను వాకిలి దాటనిచ్చేది కాదు.

"నీ పిల్లలు బతికారని నా పిల్లోడి మీద పందెం కాయమాకు పెద్దమ్మా" అంది ఒకరోజు. ఆ మాటకి అమీర్‌బీ అలిగి రావడం మానేసింది. నాకు రెబ్కా మీద గౌరవం పెరిగింది. రాత్రుళ్ళు లేచి లేచి కళ్ళు గుంటలు పడ్డా నర్సమ్మ మాట జవదాటలేదు.

మూడో నెల చివర జయకుమారి, ప్రభు బిడ్డను చూడటానికి వచ్చారు. జయకుమారి చెడ్డ మనిషి కాదు. ఆ మాట చెప్పడం నాకు ఇష్టం లేకపోయినా చెప్పాలి. ఆమె బిడ్డను చేతుల్లోకి తీసుకుని, ఒకసారి ఎగరేసినట్టు చేసి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"ఇంత తేలిగ్గా ఉన్నాడేంది వదినా? మా ఆడబిడ్డ మనవడు వీడి ఈడువాడే. ఎత్తుకుంటే చెయ్యి లాగుద్ది."

"తక్కువ బరువుతో పుట్టాడు గదా వదినా. బాగానే పెరుగుతున్నాడని నర్సమ్మ చెప్పింది" అంది రెబ్కా.

"ఏమో. మా ఇంట్లో అయితే గేదె ఉంది, మనుషులం ఉన్నాం. ఒక్కదానివి నువ్వేం చేస్తావులే."

ప్రభు అటూ ఇటూ చూశాడు. పెళ్ళయి రెండేళ్ళు తిరక్కుండానే భార్యను పోగొట్టుకున్న పిల్లవాడు, ఎవరి మనసూ కష్టపెట్టలేడు. "ఐదో నెలలో వస్తాం అత్తా. అప్పటికి కాస్త వొళ్ళు చేస్తే నీ దగ్గరే ఉంచుదాం, అమ్మకి నేను చెప్తా. లేకపోతే తీసకపోతా, ఏమనుకోమాకు" అన్నాడు. వాడు మంచి ఉద్దేశంతోనే అన్నాడు. ఆ మాటే రెబ్కాను పట్టుకుంది.

ఆమె కళ్ళు మారిపోయాయి. అంతవరకు బిడ్డ నవ్వితే నవ్వు చూసేది, ఇప్పుడు చెంపలు చూసేది. మణికట్టు దగ్గర వేలు చుట్టి పట్టుకుని చూసేది. ఒకరోజు మధ్యాహ్నం పొలం గట్టుకి పోయి, మేస్త్రి కాటా కొక్కేనికి చీర ఊయల కట్టించి, మిరపకాయలు తూచే చోట బిడ్డను తూచింది. వారం తిరక్కుండా మళ్ళీ తూచింది. ముల్లు కదల్లేదని మేస్త్రితో పోట్లాడి, కాటా తప్పని తిట్టి వచ్చింది.

ఆ మర్నాడు గోడ అవతలనుంచి బియ్యం, పెసరపప్పు వేయిస్తున్న వాసన వచ్చింది. కాస్త వాము కూడా. నేను కత్తెర పక్కన పెట్టి వెళ్ళాను. పాలసీసా ఆమె చేతిలో ఉంది, లోపల పాలు గంజిలా చిక్కగా ఉన్నాయి. పాలపీక చిల్లు సూది కాల్చి పెద్దది చేసింది.

"ఏం కలిపావే?"

"ఒక్క చెంచాడు అక్కా."

"నర్సమ్మ వద్దని చెప్పిందిగా. అమీర్‌బీని తరిమి తరిమి కొట్టింది నువ్వేగా."

"నర్సమ్మ వచ్చి నా పిల్లోణ్ణి ఎత్తకపోదుగా" అంది రెబ్కా. "వదిన ఎత్తకపోతది. ఆమె చేతికి బరువు తగలాల. వాళ్ళొచ్చి పోయేదాకానే అక్కా. తర్వాత మానేస్తా, ప్రభువు మీద ఒట్టు."

నాకు కోపం వస్తే ఆగదు. "వాడు ఊపిరాడక పోతే ఏ ప్రభువు మీద ఒట్టేస్తావ్" అన్నాను. ఆ మాట అనగూడదు, కానీ అనవలసిన మాటే. అంతటితో ఊరుకోకుండా నర్సమ్మకి కూడా చెప్పాను. ఆమె వచ్చి, సీసా వాసన చూసి, గొంతుకి అడ్డం పడుతుందని, ఊపిరితిత్తుల్లోకి పోతుందని, దానితో నిద్రా రాదు బలమూ రాదని కూర్చోబెట్టి చెప్పింది. రెబ్కా అన్నిటికీ తలూపింది. నర్సమ్మ వెళ్ళాక నా వైపు చూసి, "కూతురు పోయింది. వీణ్ణి కూడా పంపించేస్తే నువ్వు హాయిగా మిషను తొక్కుకోవచ్చులే" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. గోడ మీద తట్టడం కూడా మానేసింది.

తర్వాత కలిపిందో మానిందో నాకు వాసన వల్లే తెలిసేది. కలుపుతూనే ఉంది. బుడ్డోడి చెంపలు నిండినట్టే కనపడ్డాయి, లేదా ఆమె అలా అనుకుని చూసేది. వాకిట్లో వాణ్ణి ఎత్తుకుని నిలబడితే దారినపోయేవాళ్ళు ముద్దుచేసేవాళ్ళు. ఆమె ముఖంలో చాన్నాళ్ళకి వెలుగు చూశాను. ఆ వెలుగు చూసి సంతోషపడాలో ఏడవాలో నాకు తెలిసేది కాదు.

ఐదో నెలలో వాళ్ళు అన్నట్టే వచ్చారు. ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్నం. ఎవరూ పిలవకపోయినా నేను వెళ్ళి గడప దగ్గర కూర్చున్నాను. జయకుమారి బిడ్డను ఎత్తుకుని, "పర్వాలేదే, కాస్త నిండాడు" అంది. ఆ మాట చాలు, అక్కడితో ఆగితే చాలు. కానీ ఇంకా ఒక మెట్టు పైన చూపించాలనిపించింది రెబ్కాకి. "ఎంత బాగా తాగుతాడో చూడు వదినా, సీసా ఖాళీ చేసిగానీ వదలడు" అని లోపలికి పోయి సీసా నింపి తెచ్చింది.

ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి పట్టింది. బుడ్డోడు గబగబా నాలుగు గుటకలు వేశాడు. తర్వాత కాళ్ళు బిగబట్టాడు. దగ్గు రావాల్సిన చోట దగ్గు రాలేదు. పెదాలు నీలంగా మారుతుంటే మేమందరం చూస్తూ ఉన్నాం, ఒక్క క్షణం ఎవరికీ ఏమీ తోచలేదు. ప్రభు ముందుగా తెలివి తెచ్చుకుని, బిడ్డను లాక్కుని, చేతి మీద బోర్లా వేసి, తల కిందికి వంచి వీపు మీద చరిచాడు. చిక్కటి పాలు ముక్కులోంచి నోట్లోంచి వచ్చాయి. ఏడుపు వచ్చింది, గురకలాంటి ఏడుపు. ఆటోలో దర్శి, అక్కడినుంచి అంబులెన్సులో ఒంగోలు. దారంతా రెబ్కా నా చెయ్యి వదల్లేదు.

ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. బిడ్డ ఛాతీ విని, ఎక్స్‌రే ఫొటో చూసి బయటికి వచ్చి, "సీసాలో పాలేనా, ఇంకేమైనా కలిపారా?" అని అడిగింది.

"ఒట్టి పాలేనమ్మా. డబ్బాపాలు. నా కళ్ళముందే పట్టింది" అంది జయకుమారి.

ఆమె నిజంగానే అలా అనుకుంది. ప్రభు కూడా తలూపాడు. రెబ్కా నోరు మెదపకుండా ఉంటే ఆ మాట అక్కడితో ముగిసిపోయేది. పొలమారిందనుకునేవాళ్ళు, చిన్నపిల్లలకి అవుతుందిలే అనుకునేవాళ్ళు, బిడ్డ ఆమె దగ్గరే ఉండేవాడు. ఆమె చెప్పకపోతే నేనే చెప్పేద్దామని నోరు తెరవబోయాను.

"ఉగ్గు కలిపానమ్మా" అంది రెబ్కా. "బియ్యం, పెసరపప్పు, వాము. ఇయ్యాల రోజూ కంటే ఎక్కువ కలిపా. పీక చిల్లు కూడా పెద్దది చేశా. వద్దని నర్సమ్మ చెప్పింది, మా అక్క చెప్పింది. నేనే వినలా. వాడికి ఏ మందు కావాల్నో అది ఇయ్యండమ్మా."

డాక్టరమ్మ ఆమెను తిట్టలేదు. లోపల పిండి ఉందని తెలియడం మంచిదైందని మాత్రం చెప్పి గబగబా లోపలికి పోయింది. జయకుమారి కూడా తిట్టలేదు. బెంచీ మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేను తేలిగ్గా ఉన్నాడన్నాననా వదినా?" అంది. తిట్టే మనిషైతే తిరిగి నాలుగు తిట్టి ఏడవొచ్చు. ఇద్దరూ ఎదురెదురు బెంచీల మీద అలా కూర్చుండిపోయారు.

ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి బుడ్డోడు చాలా రోజులు గొట్టాలతో ఉన్నాడు. బతికాడు. డిశ్చార్జి రోజున బిడ్డ ఎవరి దగ్గరుండాలన్న మాటే రాలేదు, దాచేపల్లికే అని అందరికీ తెలుసు. ఆసుపత్రి గేటు దగ్గర ప్రభు కారు మాట్లాడి తెచ్చాడు. రెబ్కా బిడ్డను జయకుమారి చేతిలో పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. తల ఎత్తి పట్టు వదినా. పాలయ్యాక భుజాన వేసుకుని తేనుపు వచ్చేదాకా తట్టు. ఎడంవైపు పడుకుంటే ఏడుస్తాడు. చెవి వెనక రుద్దితే నిద్రపోతాడు. ఒక్కొక్కటీ రెండుసార్లు చెప్పింది. జయకుమారి రెండుసార్లూ "సరే వదినా" అంది. "నువ్వు రా, ఎప్పుడైనా రా" అంది. ప్రభు అత్త కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కారు వెళ్ళిపోయాక, ఆసుపత్రి ముందు అంతమంది మధ్యలో, రెబ్కా తన పాత గొంతుతో ఏడ్చింది.

ఆరు నెలలు నిండిన ఆదివారం వాడికి పేరు పెడుతున్నామని, అదే రోజు ముద్ద పెడుతున్నామని కబురొచ్చింది. ఇద్దరం వినుకొండలో, పిడుగురాళ్ళలో బస్సులు మారి దాచేపల్లి వెళ్ళాం. పాస్టరుగారు ప్రార్థన చేసి శామ్యూల్ అని పేరు పెట్టారు. బుడ్డోడు గోడకి చేరబడి కూర్చుంటున్నాడు. రెబ్కాను చూసి ఏడవలేదు. గుర్తుపట్టినట్టు నవ్వనూ లేదు. జయకుమారి గిన్నెలో మెత్తటి అన్నం, పప్పుకట్టు, నెయ్యి కలిపి తెచ్చి, అందరికంటే ముందు రెబ్కాకే ఇచ్చింది.

"నువ్వే పెట్టు వదినా. తల్లి తరఫున నువ్వేగా. ఇప్పుడు పెట్టొచ్చని డాక్టరు కూడా చెప్పాడు."

పెద్ద మనసుతో చేసిన పనే. రెబ్కా గిన్నె అందుకుంది, చెంచా తీసింది. ఎదురుగా శామ్యూల్ నోరు తెరిచాడు. తెరిచి, అలాగే ఎదురుచూశాడు. ఆమె చెంచా గిన్నెలోంచి పైకి లేవలేదు.

"నా చేత్తో వద్దు వదినా" అంది.

జయకుమారి బతిమాలింది, ప్రభు బతిమాలాడు. నేను కూడా కసిరాను. ఆమె గిన్నె తిరిగి ఇచ్చేసి, పక్కకి జరిగి కూర్చుంది. జయకుమారి పెట్టింది. గిన్నె అయిపోయేదాకా రెబ్కా ఆ పిల్లవాడి గొంతు వంకే చూస్తూ ఉంది. వాడు మింగినప్పుడల్లా తనూ గుటక వేసింది.

తిరుగు ప్రయాణంలో వినుకొండలో బస్సు మారాం. ఊరు దాటాక రెబ్కా నా భుజాన తల ఆనించి, "మింగాడక్కా" అంది. "బాగా మింగాడు."