చేపల తొట్టికి కట్టిన పేటియా

పాల్వంచలో కంపెనీ క్వార్టర్ల దగ్గర దిగి కోటేష్ ఇల్లెక్కడ అని అడిగితే, ఏ కోటేష్ అని ఎదురడుగుతారు. చేపల కోటేష్ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యి చాపి చూపిస్తారు. ఆ పేరు విని చేపలు అమ్ముతాడనుకొని ఆదివారం పొద్దున్నే సంచులతో వచ్చి తలుపు కొట్టినవాళ్ళూ ఉన్నారు. అతని భార్య సోని వాళ్ళను నవ్వుతూ బజారు దారి పట్టిస్తుంది.

కోటేష్ పుట్టింది బూర్గంపాడు అవతల అడవి అంచున ఉన్న తండాలో. వాగు ఎండిపోయి మడుగులు మిగిలే రోజుల్లో పిల్లలందరూ చేపలు పట్టి అక్కడే కాల్చుకొని తింటుంటే, ఇతను ఒకటో రెండో సత్తుగిన్నెలో వేసుకొని వాటి ముందు గొంతుకూర్చుని చూస్తూ ఉండేవాడట. తిండి మానేసి తిండిని చూసే పిల్లోడు అని తల్లి రూప్లి ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. తర్వాత ఐటీఐ చదివాడు, థర్మల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం వచ్చింది, సోని వచ్చింది. గిన్నె పోయి గాజుతొట్టి వచ్చింది. సోఫా ఉండాల్సిన చోట, కిటికీ పక్కన, మనిషి పడుకోగలిగినంత పొడుగు తొట్టి.

అందులో ఉన్నవి మాత్రం రెండే చేపలు. సిచ్లిడ్లని చేపల్లో ఒక పెద్ద కుటుంబం ఉంది. చెరువుల్లో దొరికే జిలేబీ చేప కూడా దానిలోదే, కానీ అది బయటి దేశం నుంచి వచ్చింది. మన దేశపు నీళ్ళలో పుట్టినవి మూడే రకాలు. ఆ మూడింట్లో కెనరా పెరల్‌స్పాట్ అనేది కర్ణాటకలో పడమటి సముద్రంలో కలిసే ఒకటి రెండు నదుల్లో తప్ప దొరకదు. అక్కడా తగ్గిపోతోంది. అరచేతికి సరిపోయే చేప, బూడిద రంగు ఒంటి మీద నిలువు చారలు, చారల మధ్య ముత్యాలు చల్లినట్టు చుక్కలు. పక్క క్వార్టరులో ఉండే ఎబినేజర్ మొదటిసారి చూసి, ఇది జిలేబీయే కదా, పులుసుకు బాగుంటది అన్నాడు. ఆ మాటకు కోటేష్ చాలా రోజులు అతనితో కలిసి టీ తాగలేదు.

ఈ జంటను ఇచ్చింది మంగళూరులో ఉండే దినకర్. ఇద్దరికీ పరిచయం ఫోనులోనే, చేపలు పెంచేవాళ్ళ గ్రూపులో. దినకర్ ఊరికే ఇవ్వలేదు. వీటి పిల్లలు నాలుగు ఇళ్ళల్లో పెరగాలి, నదిలో పోయినా ఎక్కడో ఒకచోట మిగలాలి, నీ దగ్గర పిల్లలు కాకపోతే జంటను ఇంకొకరికి పంపాలి అని ముందే మాట తీసుకున్నాడు. కోటేష్ సరే అన్నాడు. అప్పుడు అంత కష్టమనుకోలేదు.

గుడ్లు పెట్టడానికేమీ లోటు లేదు. వాలుగా నిలబెట్టిన ఇంటిపెంకు అడుగున ఆడది వరసగా అతికించేది. కోటేష్ డ్యూటీకి వెళ్ళి వచ్చేసరికి పెంకు నున్నగా ఉండేది. మగది ఆడదాన్ని తరిమి తరిమి మూలకు నెట్టి, గుడ్లన్నీ తినేసేది. బోరునీళ్ళు పడలేదేమోనని డాబా మీద డ్రమ్ములు పెట్టి వాననీళ్ళు పట్టాడు. అలికిడికి బెదురుతున్నాయేమోనని ఫ్యాను ఆపాడు, టీవీ ఆపాడు. ఇద్దరికీ ఏకాంతం ఇస్తే బాగుంటారని, అంతకుముందు అదే తొట్టిలో తిరిగే చిన్నచేపలన్నిటినీ జంట రాగానే తీసి ఎబినేజర్ పిల్లలకు ఇచ్చేశాడు. అయినా అంతే. మూడోసారి కూడా గుడ్లు పోయాక దినకర్ మర్యాదగానే చెప్పాడు. హైదరాబాదులో ఒకాయన అడుగుతున్నాడు, ఈసారి కూడా కాకపోతే పంపించెయ్ అని. కోటేష్ ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచాడు.

అదే వారంలో రూప్లి మోకాళ్ళ నొప్పికి దవాఖానాలో చూపించుకుందామని తండా నుంచి వచ్చింది. ఆమెకు ఒకచోట కూర్చోవడం రాదు. ఏ డబ్బాలో ఏముందో, ఏ ఇంట్లో ఏం వండుతున్నారో తెలియాలి. వచ్చిన రెండో రోజే పెంకు కింద గుడ్లు కొడుకు కంటే ముందు ఆమే చూసింది. కోటేష్ ఎగిరి గంతేసినంత పని చేసి, ఫోనులో టార్చి వేసి ఫోటోలు తీశాడు, ఎబినేజర్‌ని పిలిచాడు, ఎబినేజర్ వెంట అతని భార్య మహిమ వచ్చింది, వాళ్ళ పిల్లలు వచ్చారు. రూప్లి గోడకు ఆనుకొని అంతా చూసింది. అందరూ పోయాక అడిగింది.

"బాలింత మీదికి గిట్ల దీపాలు పట్టుకొని ఊరంతా పోతరా? నువ్వు పుట్టినప్పుడు గుడిసెకు తడిక కట్టినం. మీ నాయనను సుత రానియ్యలే."

"యాడీ, అది చేప."

"అవ్, కండ్లున్నయ్ నాకు. చేపకు సిగ్గుండదా?"

యాడీ అంటే వాళ్ళ భాషలో అమ్మ. కోటేష్ నవ్వి డ్యూటీకి పోయాడు. మరుసటి రోజు పొద్దున తిరిగొచ్చి చూస్తే తొట్టి ముందంతా తల్లి పేటియా వేలాడుతోంది. పేటియా అంటే లంబాడీ ఆడవాళ్ళు కట్టే అద్దాల లంగా. రూప్లి దగ్గర రెండున్నాయి. ఒంటి మీదిది వెలిసిపోయిన పాతది. మంచిది తండాలో మొలకల పండుగ తీజ్‌కు కట్టేది, గుడిసెలో వదిలితే ఎలుకలు కొడతాయని సంచిలో మడిచి పెట్టుకొని వచ్చింది. దాన్నే చక్కగా తొట్టి పై అంచుకు తాడుతో కట్టింది. కిటికీ ఎండకు రంగు పోతుందని అద్దాల వైపును లోపలికి, గాజు మీదికి తిప్పింది.

కోటేష్‌కు కోపం నెత్తికెక్కింది. బట్ట కట్టినా పోనీ, అన్ని అద్దాలు చూసి చేపలు హడలి చచ్చిపోవూ? ముడి విప్పబోయి, ముందు పక్కనుంచి ఒక కన్ను పెట్టి చూశాడు. చూసినవాడు చూసినట్టే ఉండిపోయాడు.

మగది అద్దాల ముందు ఉంది. రెక్కలు ఈటెల్లా నిక్కబొడుచుకొని, చారలు నల్లగా ముదిరి, ఒక అద్దం నుంచి ఇంకో అద్దానికి పోయి వస్తోంది. ఒకదానిలో ఒక కన్ను, ఇంకోదానిలో ఒక రెక్క, ఎవడో పొంచి ఉన్నాడు. వాడిని కాసుకోవడమే దానికి పని. వెనక పెంకు కింద ఆడది ఒక్కతే నింపాదిగా గుడ్ల మీదికి రెక్కతో నీళ్ళు ఆడిస్తోంది. గుడ్లు ఒక్కటి కూడా తగ్గలేదు.

అతనికి మెల్లగా అర్థమైంది. ఏకాంతం కాదు వాటికి కావలసింది, కాపలా కాయడానికి ఒక శత్రువు. దినకర్‌కి ఫోను చేసి చెబితే ఆయన అవునన్నాడు. ఎదురు ఎవడూ లేకపోతే ఆ ఉక్రోషమంతా పెళ్ళాం మీదికే పోతుంది, ఇంతకుముందున్న చిన్నచేపలను ఎందుకు తీశావు అని తిట్టాడు. ఎబినేజర్ ఇచ్చేస్తానన్నాడు గానీ, గుడ్లు ఉన్నప్పుడు వేస్తే మగది వాటిని చంపేస్తుంది, వద్దన్నాడు దినకర్. కోటేష్ పేటియాను విప్పలేదు. రూప్లి ఆ రోజంతా తలుపు దగ్గర స్టూలు వేసుకొని కూర్చుని, చూడడానికొచ్చినవాళ్ళను వచ్చిన దారినే పంపింది. ఆమె మాత్రం మధ్య మధ్య అంచు ఎత్తి చూసేది.

గుడ్లు పగిలి, తోకలు మాత్రమే ఆడే పిల్లలు పెంకుకు అంటుకొని ఉన్న రోజున తండా నుంచి ఫోను వచ్చింది. తీజ్ మొదలవుతోంది, మొలకలకు గోధుమలు నానబోస్తున్నాం, జల్దీ రమ్మని. రూప్లి సంచి సర్దుకొంది. ఇంకా ఈదడం రాని పిల్లలను మగది ఒక్క పూటలో తినేయగలదు. కోటేష్ తన గడ్డం గీసుకునే అద్దం తెచ్చి పేటియా స్థానంలో పెట్టి చూశాడు. మగది అందులో నిలువెత్తు మగచేపను చూసి మూతితో గుద్ది గుద్ది పెదవి చీల్చుకొంది. అద్దం తీసేసి పేటియాను మళ్ళీ కట్టాడు. అది కాసేపటికి నెమ్మదించి మళ్ళీ కాపలా మొదలుపెట్టింది.

రూప్లి తొట్టి దగ్గరకొచ్చి ముడి మీద చెయ్యి వేసింది. ఉంచి పొమ్మని అడగడం కోటేష్ వల్ల కాలేదు. ఏడాదికొక్కసారి కట్టే బట్ట అది, ఆమె తల్లి కుట్టింది.

సోనియే అడిగింది. "అత్తా, ఇది తీస్తే పిల్లలు దక్కవు. పిల్లలు దక్కకపోతే ఈ రెండింటిని హైదరాబాద్ పంపాలె."

రూప్లి కొడుకు మొహం చూసింది. "తండాల అందరు మంచియి కట్టుకొని ఆడతరు. నేను ఈ పాతదాంతోని పోవాల్నా? ఎందుకని అడిగితే ఏం చెప్పాలె, నా కొడుకు చేపకు కట్టిన అనా?"

"గట్లనే చెప్పు యాడీ," అన్నాడు కోటేష్.

"సిగ్గులేదు నీకు," అంది ఆమె. ముడిని విప్పలేదు, ఇంకొంచెం బిగించింది. తొట్టి నీళ్ళు మార్చేటప్పుడు కింది అంచు తడవకుండా రెండు మడతలు పైకి మడిచి పిన్నీసులు పెట్టి, పాత పేటియాతోనే బస్సెక్కింది.

పండుగ అయిపోయి ఆమె తిరిగి వచ్చేసరికి పిల్లలు ఈదుతున్నాయి. ఆవగింజకు తోక మొలిచినట్టున్న పిల్లలు గుంపుగా తల్లి వెంట కొన్ని, తండ్రి వెంట కొన్ని, వాటి ఒంటి మీది జిగురును కొరుక్కుతింటూ. మగది ఇప్పుడు అద్దాల వైపు చూడడమే మానేసింది. దానికి పిల్లలతోనే సరిపోతోంది. జంటను పంపేది లేదు, పెరిగాక పిల్లలనే పంపుతానని కోటేష్ అప్పటికే మంగళూరుకు చెప్పేశాడు.

రూప్లి ముందు చేపల వైపు చూడలేదు. పేటియా అంచు పట్టుకొని చూసింది. పిన్నీసు జారిన చోట ఒక జానెడు మేర నాచు మరక పట్టింది. మరకను వేలితో రుద్ది, పోదని తెలుసుకొని, ముడి విప్పి భుజాన వేసుకొంది. ఆ తర్వాతే స్టూలు లాక్కొని పిల్లలను చూడడం మొదలుపెట్టింది. చాలాసేపు చూసింది.

"అడిగిన్రా తండాల?" అన్నాడు కోటేష్.

"అడగకుంట ఉంటరా? చెప్పిన. రోజంత నవ్విన్రు." సంచిలోంచి ఒక గుడ్డమూట తీసి అతని ఒళ్ళో వేసింది. చిరిగిపోయిన రవికెల నుంచి, పాత సంచుల నుంచి తండాలో ఆడవాళ్ళు ఊడదీసి ఇచ్చిన అద్దాలు, కొన్నిటికి ఇంకా దారం పోగులు వేలాడుతూ. "సోనికి సూది ఇయ్యి. నా పేటియా మాత్రం మళ్ల అడగకు."