గంజి వాసన తెలియని దినాలు

నిజాం రాజ్యం మీద పోలీస్ యాక్షన్ జరిగిన ఆ ఏడు, బోయిగూడలోని మా ఇంట్లో విషజ్వరం పడింది సహోదరులారా! మొదట నాకు, నా తరువాత రైల్వేలో ఫిట్టరుగా పనిచేసే మా ఇంటాయనకు. నాకు పది దినాలకు దిగిపోయింది గాని, పోతూ పోతూ నా వాసనను పట్టుకుపోయింది. పోపు చిటపటలు చెవికి వినబడేవి, మిరపకాయల పొగకు కళ్ళు మండేవి, ముక్కుకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. అన్నం తింటే తడి దూది నమిలినట్టుండేది.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కూర ఆవిరి పీల్చి ఏది తక్కువైందో చెప్పేస్తానని సంఘంలో నాకు పేరు, ఆ పేరు మీద నాకెంత గర్వముండేదో ప్రభువుకే తెలుసు! పైగా మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. మా అమ్మమ్మ క్రీస్తును అంగీకరించక మునుపు, దేవునికి పెట్టనిదే వంట రుచి చూసేవారు కాదట. సంఘంలో చేరాక కూడా ఆ అలవాటు పోలేదు, విస్తరి ముందు కూర్చుని స్తోత్రం చెప్పే వరకు మెతుకైనా నాలుకకు తగలకూడదు. అందుచేత మేము తరతరాలుగా ముక్కుతోనే వండుతూ వచ్చాము.

ఆయనకు పాలు కలిపిన గంజి తప్ప ఇంకేదీ పెట్టవద్దని దవాఖాన డాక్టరమ్మ చెప్పింది. ఇంతలో సైన్యం వస్తోందని బజారంతా మూసేశారు, పాలవాడు రాలేదు. నేను మొన్నటి గంజినే వేడిచేసి పట్టించాను. జ్వరపు మగతలో ఆయన కళ్ళు మూసుకొని తాగేశాడు. గంటలోపే వాంతులు, విరేచనాలు! మధ్యాహ్నానికి కళ్ళు లోపలికి పోయాయి, పిలిస్తే పలకలేదు.

నా ఏడుపు విని పక్కింటి హమీదా ఆపా వచ్చింది. వాళ్ళింట్లో మగవాళ్ళు సైతం భయంతో గడప దాటని రోజులవి, అయినా ఆమె పెరటి గోడ పక్కనుంచి వచ్చేసింది. గిన్నె మూత తీసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“యా అల్లా! ఇది పులిసి కంపు కొడుతుంది గదనే చెల్లె! నీకు జెర సుత తెల్వలేదా?”

“నాకు వాసన పోయింది ఆపా. పదిహేను దినాలాయె.”

“ఎవ్వరికి చెప్పకుండ వండుతున్నవా? నన్ను పిలిస్తే నా ముక్కేమన్న అరిగిపోతుండెనా?”

తిడుతూనే పొయ్యి రాజేసి, బార్లీ కాచి, చిటికెడు ఉప్పు వేసి, చెంచాతో ఆయన పెదవుల మీద పోయసాగింది. నేను మంచం పక్కన మోకాళ్ళూని, “ప్రభువా, నా గర్వంతో నా భర్తకు నా చేత్తోనే విషం పెట్టుకున్నాను, నా ముక్కు నాకు వద్దు తండ్రీ, ఈయన ఊపిరి నాకియ్యి!” అని మొరపెట్టాను. సహోదరులారా, మూడవ దినాన ఆయన కళ్ళు తెరిచి “ఆకలైతుంది” అన్నాడు! ఇల్లు కోలుకునే దాకా హమీదా ఆపా పూటపూటకూ వచ్చి మా గిన్నెలన్నీ వాసన చూసి పోయేది.

దారులు తెరిచాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె నా కళ్ళు మూయించి చక్కెర, ఉప్పు, నిమ్మరసం, క్వినైన్ ఒక్కొక్కటే నాలుక మీద వేసింది. నాలుగూ సరిగ్గా చెప్పాను!

“చూసినవా, నీ నాలుక బాగనే ఉంది. తీపి, ఉప్పు, పులుపు, చేదు అదే చెప్తది. మిగతా రుచంతా వాసననే. నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కుతది. జ్వరం ఆ లోపలి నరాలను దెబ్బ తీసింది. మెల్లగ కోలుకుంటయ్. ముందుగాల తప్పుడు వాసనలొస్తే పరేషాన్ కాకు.”

ఆనాడు ఒక్క చుక్క గంజి నాలుక మీద వేసుకొనుంటే పులుపు తెలిసేది కదా! దేవుడు నా నాలుకను కాపాడే ఉంచాడు, దానికి తాళం వేసుకున్నది నేనే. ఆ రోజు నుండి మా ఇంట్లో పొయ్యి వెలిగించక ముందే స్తోత్రం చెప్పుకొని, వండేటప్పుడు రుచి చూస్తున్నాము.

డాక్టరమ్మ అన్నట్టే మొదట కాఫీ కాలిన రబ్బరులా కంపు కొట్టింది, అప్పుడు కూడా “స్తోత్రం తండ్రీ” అనుకున్నాను. తరువాత కొన్నాళ్ళకు మా ఇంటాయన మళ్ళీ పనిలో చేరాడు. మొదటి దినం సాయంత్రం వచ్చి అంగీ విప్పి చేతికిచ్చాడు. బొగ్గు, ఇంజను నూనె, చెమట! ఒక్కసారిగా ముక్కుకు కొట్టింది! ఆ అంగీలో మొహం దాచుకొని ఏడ్చేశాను.

“ఏందే, పిచ్చిగిట్ల లేసిందా? ఉతికే అంగి అది!”

“ఇయ్యాల ఉతకను,” అన్నాను.

ప్రియులారా, నేను ఊపిరి అడిగితే వాసన కూడా కలిపి ఇచ్చిన దేవునికే మహిమ! మీలో ఎవరైనా మీ లోటును నాలాగే మూతపెట్టి దాచుకుంటుంటే, ఈ పూటే ఆయన పాదాల దగ్గర మూత తీయండి, పొరుగువారికి కూడా చెప్పుకోండి. ఆయన మిమ్మల్ని సిగ్గుపరచడు. ఆయనను నమ్మి, నా ఇల్లు బ్రతకడం నేను చూశాను, మీరూ చూస్తారు. ఆమేన్.