అమ్మ కళ్లలో అతికించిన మాట

ఆ రోజుల్లో, హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో ఉన్న మా సిద్ధగోరా ఇంటికి తెలుగు అక్షరం పలాస నుంచి జీడిపప్పుతో పాటు వచ్చేది. చుట్టాలు పంపే పొట్లాలకీ, ఆవకాయ సీసాలకీ చుట్టిన పాత పేపర్లను మా నాయనమ్మ చదును చేసి అలమరా అరల్లో పరిచేది. మా ఇంటి పిల్లల్లో తెలుగు చదవడం నాకొక్కదానికే వచ్చు కాబట్టి వాటికి వారసురాలిని నేనేనని నా నమ్మకం. (చదివేది ఎక్కువగా రాశిఫలాలే అన్నది వేరే సంగతి.) అప్పుడే ట్రైనీగా ఉద్యోగంలో చేరాను, ఇక కవయిత్రినని అనిపించుకోవడమే తరువాయి అనుకునేదాన్ని.

ఆ ఏడు ఉగాదికి మా తెలుగువాళ్లు కొత్త పోటీ పెట్టారు. పాత పేపర్లలోంచి మాటలు కత్తిరించి అట్ట మీద అతికించి కవిత కట్టాలి, సొంతంగా ఒక్క ముక్క రాయకూడదు. ఊళ్లోనే బర్మామైన్స్ పేట నుంచి మా చిన్నాన్న కూతురు బుజ్జి కత్తెరతో సహా మా ఇంట్లో దిగింది. హిందీ మీడియం పిల్ల, తెలుగు చదవడం సున్నా. తను మాట చెబితే నేను వెతికి కత్తిరించి ఇవ్వాలి. మొదటి పంక్తికే నాకు కడుపు మండింది. నాన్న చొక్కా నిండా మసి, అమ్మ కళ్లలో నిద్ర అట. నేను వారం రోజులుగా సంపాదకీయాలు గాలించి చైతన్యం, సంఘర్షణ, నిశీథి పోగేసుకుంటుంటే, ఈ పిల్లకి ఇంత సులువుగా ఎలా వస్తోంది? పైకి నవ్వుతూనే, మసి బదులు వాతావరణ సూచనలోంచి ‘వర్షం’ తీసిచ్చాను, నిద్ర బదులు రైల్వే ప్రకటనలోంచి ‘రైలు’. మైదా జిగురుతో శ్రద్ధగా అతికించుకుని, థాంక్యూ దీదీ అంటూ వెళ్లిపోయింది.

ఉగాదినాడు సభలో, రిటైరైన లెక్కల మాస్టారు అందరి కవితలూ చదివారు. నా దగ్గరికొచ్చేసరికి, “అతికింపు శుభ్రంగా ఉందమ్మా” అని ఊరుకున్నారు. తర్వాత బుజ్జిది: నాన్న చొక్కా నిండా వర్షం, అమ్మ కళ్లలో రైలు. హాలు గొల్లుమంటుందని కాచుకు కూర్చున్నాను. ఒక్కరూ నవ్వలేదు. శ్రీకాకుళం నుంచి రైలెక్కి కాపురానికొచ్చిన ఆడవాళ్లు పమిటలతో కళ్లొత్తుకున్నారు. బహుమతి బుజ్జికే. పైగా వేదికెక్కి, మాటలన్నీ మా అక్కే ఇచ్చిందని చెప్పింది. ఆ రెండు మాటలూ నావేనని అరవాలనిపించింది. అరిస్తే ఎందుకిచ్చావంటారు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో బుజ్జి మెల్లగా అంది: “నిద్ర కాదని అమ్మ నిన్ననే సదివి సెప్పింది దీదీ. మార్చేత్తానంటే, ఏటీ వద్దు, రైలే ఉండనీ, అదే నిజం అంది. నాకూ అదే అచ్ఛా లగా.”

ఎందుకలా చేశావని మాత్రం అడగలేదు. అడిగుంటే తేలికయ్యేదాన్నేమో. ఇప్పుడు బుజ్జి తెలుగు నేర్చుకుని తన కవితలు తనే రాసుకుంటోంది. కొత్తది పంపినప్పుడల్లా ముందు కాస్త కుళ్లుకుంటాను, తర్వాతే మెచ్చుకుంటాను. ఆ ఇరవై రెండేళ్ల నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, పాపం, ఉన్న మంచి మాటలన్నీ పక్కదాని కవితకే ఇచ్చేసింది.