మోచేతుల దాకా బుల్లబ్బాయిగారు

బుల్లబ్బాయిగారి దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు. చేతులు కడుక్కున్నవాళ్లు, ఇంకా కడుక్కోవాల్సినవాళ్లు. మొదటి రకంలో ఆయనొక్కరే ఉన్నారు. మిగతా హైదరాబాదంతా రెండో రకం. అందులోనూ నేను అట్టడుగున ఉన్నానని నా మొహం మీదే అన్నారు. కోపం తగ్గాక ఇదంతా రాద్దామనుకున్నాను గానీ, అది తగ్గే రకం కాదని తేలిపోయింది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

మధురానగర్‌లో మేముండే బిల్డింగుకి ఆయనే ఓనరు. ఎర్రమంజిల్‌లో ఏదో ఆఫీసులో ముప్పైనాలుగేళ్లు ఫైళ్లు చూసి రిటైరయ్యారు. రిటైరైనవాళ్లు వాకింగుకి వెళతారు, పేపరు చదువుతారు, ప్రభుత్వాన్ని తిడతారు. ఈయన టెర్రస్ మీది గదిలో ట్రేల్లో పాల పుట్టగొడుగులు పెంచడం మొదలెట్టారు. గడ్డి ఉడకబెట్టాలి, నీళ్లు వంచాలి, విత్తనం కలిపి ట్రేల్లో సర్దాలి, మీద ఉడికించిన మట్టి పరవాలి. ఇంత చేశాక ఒక్క చోట పచ్చబూజు తగిలితే చాలు, వారం తిరక్కుండా ట్రే మొత్తం దాని పాలు. ఆ బూజు ఎవరి చేతుల మీదుగా వస్తుందో ఆయనకి రూఢిగా తెలుసు. మా చేతుల మీదుగా.

అందుకే గది గుమ్మంలో బకెట్టు, సబ్బు, స్పిరిట్ సీసా. పక్కనే ఆయన.

"మోచేతుల దాకా అండీ!"

నమస్కారం పెట్టినా ఇదే జవాబు.

ఓ సాయంత్రం అమీర్‌పేటలో నా క్లాసులు ముగించుకుని వస్తుంటే మెట్ల మీద ఆపేశారు.

"సంచిలో ఏంటమ్మా అది?"

"బ్రెడ్డండీ."

"బ్రెడ్డా! పచ్చబూజుకి పుట్టిల్లు కదమ్మా అది!"

"ఇవాళే కొన్నానండీ."

"రేపటికి బూజు పట్టదని రాసిస్తారా?"

పిల్లలకి కంప్యూటర్ కోర్సులు చెప్పుకునేదాన్ని, బ్రెడ్డుకి హామీపత్రం ఎక్కణ్నుంచి తేను? కాఫీ లేదు, జాము లేదు, మెట్ల మీదే నిలబడి ఆరు ముక్కలు తిన్నాను. పై నుంచి ఆయన, "నిదానంగా తినండమ్మా, పొలమారుతుంది" అంటూ సలహా ఒకటి.

మా మెట్లు కడిగే మంగవ్వనీ వదల్లేదు. "పొద్దటి సంది నా చేతులు నీళ్లల్లనే ఉన్నయ్ సారూ, ఇంకేం కడగాలె?" అని ఆమె మొత్తుకుంటే, "అవి ఇల్లు కడిగిన నీళ్లమ్మా, చేతులు కడిగినవి కావు" అన్నారు. గ్యాస్ సిలిండర్ తెచ్చినతనికి చేతులతో పాటు సిలిండరూ కడిగించారు.

ఇంత చేసినా రెండు పంటలు బూజు పట్టి పోయాయి. "మూడోది కూడా పోతే ఇంక ట్రేల జోలికెళ్లను" అని ఒట్టేసుకున్నారు. ఓ పొద్దున చూద్దును కదా, బకెట్టూ సబ్బూ మూడంతస్తులు దిగి గేటు దగ్గరకి వచ్చేశాయి!

"పుట్టగొడుగులు పైనుంటే బకెట్టు కిందేంటండీ?"

"గాలి కిందనుంచే కదమ్మా పైకొచ్చేది!"

ఒళ్లు మండిపోయింది. అప్పట్నుంచి ఆ గేటు దగ్గర రోజుకో యుద్ధం. ఆ యుద్ధంలో నేనే సర్వసైన్యాధ్యక్షురాలిని. ఎదురింటివాళ్లు బాల్కనీల్లో కుర్చీలు వేసుకుని మరీ చూసేవారు. మమ్మల్ని మంచి చేసుకోవడానికేమో, ఆదివారం ఆదివారం "మన పంటేనమ్మా" అంటూ ఇంటికో పొట్లం ఇచ్చేవారు. పాల పుట్టగొడుగు అరచెయ్యంత ఉంటుందని ఏడాది పాటు ఊదరగొట్టిన మనిషి, ఇచ్చినవి గోలీకాయలంత. కడిగి కడిగి వాటి ఎదుగుదల కూడా ఆపేశారని తిట్టుకుంటూనే కూర వండుకున్నాను.

కింద వాటాలో బతూల్ ఆంటీ ఉంటారు. భర్త బాబూ మియాకి పంజాగుట్టలో టైలరింగ్ షాపు. ఆంటీకి ఆ రోజుల్లోనే కిడ్నీ మార్చి, ఇంటికి పంపుతూ డాక్టర్లు గట్టిగా హెచ్చరించారు. కొన్ని నెలల పాటు ఏ ఇన్‌ఫెక్షనూ తగలకూడదు, తగిలితే పెట్టిన కిడ్నీ దక్కుతుందో లేదో చెప్పలేమని. మేమంతా ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాం. ఆవిడ మాత్రం చూడ్డానికొచ్చినవాళ్ల చేతులు పట్టుకుని, "ఛాయ్ తాగకుంట ఎట్ల పోతవ్?" అని కూర్చోబెట్టేది.

ఓ ఆదివారం యూసుఫ్‌గూడ నుంచి ఆవిడ బంధువులు పదకొండు మంది పళ్లు పట్టుకుని వచ్చారు. బుల్లబ్బాయిగారు వాళ్లని గేటు బయట వరసలో నిలబెట్టారు.

"మోచేతుల దాకా అండీ! పైన నా పంట ఉంది!"

తెల్లగడ్డం పెద్దాయన షేర్వానీ చేతులు పైకి మడుచుకుంటున్నారు. కిటికీలోంచి బతూల్ ఆంటీ సిగ్గుతో చచ్చిపోతూ, "గీ సాబ్ జర పాగల్ ఉన్నడు మామూ, ఏమనుకోకుర్రి!" అంటోంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అక్కడ మనిషి ప్రాణం ఊగిసలాడుతుంటే మీకు పుట్టగొడుగులు కావాల్సొచ్చాయా? వాటి అంతేంటో ఇవాళే తేలుస్తా!" అని అరిచి, మూడంతస్తులూ ఎక్కి ఆ గది తలుపు తోశాను. చెప్పులతో. చేతులు కడక్కుండా.

ట్రేలన్నీ బోర్లించి ఉన్నాయి. కడిగి, ఆరబెట్టి, ఒకదాని మీద ఒకటి. గదిలో గడ్డిపోచ కూడా లేదు. మూల చెత్తబుట్టలో మాత్రం షాపులో అమ్మే పుట్టగొడుగుల డబ్బాలు, చీటీలతో సహా.

వెనక నుంచి ఆయాసం వినపడింది.

"తలుపు వెయ్యండమ్మా, ఎవరైనా చూస్తారు."

"పంటేదండీ?"

"మూడోదీ పోయిందమ్మా. ఆవిడ ఆసుపత్రిలో ఉండగానే. అందరి చేతులూ కడిగించాను గానీ, మట్టి సగం ఉడికీ ఉడక్కుండానే పరిచేశాను. తప్పు నాదే."

"మరి గేటు దగ్గర ఆ బకెట్టు?"

ఆయన నేల చూపులు చూశారు. "బాబూ మియా వచ్చి ఏడ్చాడమ్మా. 'ఇంటికొచ్చిన మెహమాన్‌ని చేతులు కడుక్కోమని బతూల్ అనదు సాబ్. నన్ను సుత అననియ్యదు. సచ్చిపోత గని గా మాట అననంటది' అన్నాడు. ఆవిడకి మొహమాటం. నన్ను ఎలాగూ అందరూ పిచ్చోడనే అంటున్నారు. ఆ తిట్లేవో నా పుట్టగొడుగులకే తగలనివ్వండి."

నాకు రెట్టింపు కోపం వచ్చింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ! ఇన్నాళ్లూ నోటికొచ్చినట్టు తిట్టాను!"

"మీతో చెబితే ఎలాగమ్మా? మీరలా పోట్లాడబట్టే కదా, పైన నిజంగానే పంట ఉందని అందరూ నమ్మారు!"

అంటే నా ఆవేశాన్ని కూడా ట్రేలో వేసి పెంచారన్నమాట ఈ మహానుభావుడు. ఇంతకంటే అవమానం ఉంటుందా?

తర్వాతి ఆదివారం బంధువుల ఆటో సందు మలుపు తిరగడం చూసి, పరుగున కిందకి దిగి గేటు దగ్గర ఆయనతో పోట్లాట పెట్టుకున్నాను. పది నిమిషాలు ఏకధాటిగా. ఎదురింటివాళ్లు కుర్చీలు తెచ్చుకున్నారు. వచ్చినవాళ్లు మా ఇద్దరినీ చూసి, మారుమాట లేకుండా వరసగా చేతులు కడుక్కుని లోపలికెళ్లారు. చివరగా విసురుగా నేనూ కడుక్కున్నాను.

ఆయన నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి అన్నారు.

"అద్భుతంగా పోట్లాడారమ్మా. కానీ మణికట్టు దగ్గరే ఆపేశారు."

ఒళ్లు మండింది. మళ్లీ కడుక్కున్నాను, మోచేతుల దాకా.